ఎదురు కుర్చీ

సోమవారం పొద్దున థియా లున్డీన్ వచ్చేసరికి జడ్జి క్విగ్లీగారు కోటు విప్పేసి, చొక్కా చేతులు పైకి మడిచి, నిచ్చెన మీద నిలబడి ఉన్నారు. పై అరలోని పాత తీర్పుల పుస్తకాలను ఒక్కొక్కటే దించి, అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచి, కింద నిలుచున్న డార్లీన్‌కు అందిస్తున్నారు. డార్లీన్ ఆ కోర్టు స్టెనోగ్రాఫర్. ఇరవై ఆరేళ్లుగా ఆ కోర్టులో పలికిన ప్రతి మాటనూ పొల్లుపోకుండా తన చిన్న మిషను మీద కొట్టిన మనిషి.

"దిగండి జడ్జిగారూ. ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా మీ నడుం విరిగిందంటే ఆ పన్నెండు రోజులూ నేనే తీర్పులు చెప్పాలి."

"చెప్పు. నాకంటే తొందరగా తెముల్చుతావు."

డెబ్బై నిండిన మనిషి మిన్నెసోటాలో జడ్జి కుర్చీలో ఉండకూడదు. ఆగస్టు నెలాఖరుకు క్విగ్లీగారికి డెబ్బై. కొత్తగా వచ్చే జడ్జి తన లా క్లర్కును తనే తెచ్చుకుంటున్నాడు. డార్లీన్ కూడా ఇక చాలనుకుని అరిజోనాలో అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. ఫైళ్లు చదవడం, చట్టం వెతకడం, ఉత్తర్వులకు చిత్తు రాయడం, విచారణ జరిగేటప్పుడు జడ్జిగారి పక్కన చిన్న బల్ల దగ్గర నోరు మెదపకుండా కూర్చోవడం... టోర్‌వాల్డ్ కోర్టు రెండో అంతస్తులో రెండేళ్లుగా థియా చేస్తున్న ఈ పని కూడా ఆ నెలాఖరుతో సరి.

పుస్తకాల వెనక నుంచి పేకముక్కల పెట్టె ఒకటి జారి నేలమీద పడింది. ముగ్గురూ దానివంక చూశారు. థియా చేరిన మొదటి జనవరిలో మంచు తుఫాను పట్టుకుని, పన్నెండుమంది జ్యూరీ సభ్యులు రెండు రాత్రులు ఈ కోర్టులోనే చిక్కుకుపోయారు. కింద జైలు వంటగది నుంచి గంజి వచ్చేది. జడ్జిగారు నల్ల అంగీని ఓ ముసలి జ్యూరర్‌కు దుప్పటిగా ఇచ్చేశారు.

"ఆ ఏడో నంబరు జ్యూరర్ నీమీద ఎన్నాటలు గెలిచాడే అమ్మాయ్?" అంది డార్లీన్.

"పద్నాలుగు."

"దొంగాట ఆడాడు. నేను చూశాను. రికార్డులో లేదు కాబట్టి చెప్పలేదు."

జడ్జిగారు నిచ్చెన మీదే నవ్వారు. కిటికీలోంచి ధాన్యం గోదాము మీద ఎండ పడి, లోపలికి తేనెరంగు వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో దుమ్ము తేలుతోంది. ఇంకా వదిలి వెళ్లనే లేదు, అప్పుడే అదంతా ఎప్పటి మాటో అయిపోయినట్టు థియాకు తోచింది.

ఆమె చేతిసంచిలో ఓ ఉత్తరం ఉంది. మెయిన్ స్ట్రీట్‌లో బేకరీ పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా ప్లీడరీ చేస్తున్న వర్నన్ స్టాండ్లీ రాసినది. స్టాండ్లీ అండ్ మోయెన్ అన్న తలకట్టులో పదకొండేళ్ల కిందట పోయిన మోయెన్ పేరు అలాగే ఉంది. వచ్చి చేరితే రెండేళ్లలో భాగస్వామిని చేసుకుంటాననీ, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఏ సంగతీ చెప్పమనీ రాశాడు. అడుగున చేత్తో ఇంకో ముక్క: "మోయెన్ కుర్చీకి కొత్త తోలు వేయిస్తాను."

ఆ సాయంత్రం పోర్ట్‌లాండ్ నుంచి ఎమెట్ ఫోను చేశాడు. చేపల మీద పరిశోధన చేసే ఉద్యోగం దొరికి జనవరిలో అక్కడికి వెళ్లాడు. థియా కోర్టు పని అవగానే తనూ వచ్చేస్తుందనీ, వసంతంలో పెళ్లనీ మాట.

"వంటింటి కిటికీలోంచి నది కనిపిస్తోంది. మంచి గదులు. పక్కింటావిడ ట్రంపెట్ వాయిస్తుంది, అదొక్కటే లోటు," అన్నాడు.

"బాగా వాయిస్తుందా?"

"లేదు. అదే లోటు." కాస్త ఆగి, "స్టాండ్లీకి చెప్పావా?" అన్నాడు.

"శుక్రవారం దాకా గడువుంది."

"రానని చెప్పడానికి ఐదు రోజులెందుకు థియా?"

థియా పక్కింటావిడ గురించి ఇంకేదో అడిగింది.

మంగళవారం పదింటికి కోల్‌స్టాడ్‌ల పంపకం దావా. వాది వేన్ కోల్‌స్టాడ్, డల్లాస్‌లో ఉంటాడు. ప్రతివాది అతని అక్క ఆర్డిస్. తండ్రి ఇద్దరి పేరనా కలిపి వదిలిన నూట అరవై ఎకరాలను మొత్తంగా అమ్మించమని వేన్ కోరాడు. అతని ప్లీడరు స్టాండ్లీ.

"నువ్వు ఈ ఫైలు ముట్టుకోకు," అన్నారు జడ్జిగారు, అంగీ తొడుక్కుంటూ. "స్టాండ్లీ నీకు ఉద్యోగమిస్తానన్నాక అతని దావాల్లో నీ చెయ్యి పడకూడదు. పక్కన కూర్చోవడం కూడా వద్దు."

"వెనక బెంచీలో కూర్చుని వినొచ్చాండీ?"

"ఊళ్లో ఎవరైనా కూర్చోవచ్చు. నువ్వు ఊళ్లో మనిషివేగా."

అలా థియా రెండేళ్లలో మొదటిసారి కోర్టును జనం వైపు నుంచి చూసింది. జడ్జిగారు అంత ఎత్తున, అంత దూరంగా ఉంటారని ఆమెకు తెలియదు. తను రోజూ కూర్చునే బల్ల ఇక్కణ్ణించి కనబడనే కనబడదు. కుడివైపు బల్ల దగ్గర వేన్ పక్కన స్టాండ్లీ, కాగితాలు మూడు దొంతరలుగా పేర్చుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. ఎడమవైపు బల్ల దగ్గర రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆర్డిస్, అరవై నాలుగేళ్లుంటాయి, ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో నిటారుగా కూర్చుంది. రెండోది, ప్లీడరు కూర్చోవలసింది, ఖాళీ. ఆర్డిస్ తన చేతిసంచి నేల మీద పెట్టింది. ఆ కుర్చీ ఎవరికోసమో ఉంచారనుకుంది కాబోలు.

స్టాండ్లీ పావుగంటలో ముగించాడు. పొలాన్ని ముక్కలు చేస్తే విలువ పోతుందన్నాడు, అంచనా వేసినవాడి కాగితం ఇచ్చాడు, కూర్చున్నాడు. మాటలో దురుసు లేదు, అబద్ధమూ లేదు.

"కోల్‌స్టాడ్‌గారూ, మీరేమంటారు?" అన్నారు జడ్జిగారు.

ఆర్డిస్ లేచి నిలబడింది. "చెప్పేదేమీ లేదండీ."

"ఆ పొలం మీద ఉంటున్నది మీరే కదా?"

"అవునండీ. ఉత్తరం మూల పది ఎకరాల్లో ఇల్లు, కొట్టం, కాస్త మేత. గొర్రెలున్నాయి, ముప్పై."

"అమ్మకానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?"

ఆమె స్టాండ్లీ పక్కనున్న తమ్ముడి వంక చూసింది. అతను బల్ల వంక చూస్తున్నాడు. "వేన్ అమ్మాలంటున్నాడు కదండీ."

"మీ మాట అడుగుతున్నాను."

"ఎవరినీ ఇబ్బంది పెట్టడం నాకిష్టం ఉండదండీ."

జడ్జిగారు పెన్సిలు కింద పెట్టారు. కోర్టులో ఎవరికీ తెలియదుగాని థియాకు తెలుసు, ఆయన పెన్సిలు కింద పెట్టారంటే ఎదుటి మనిషి ఒక్క ముక్క అడగాలని కాచుకున్నారన్నమాట. నా మూల నాకు విడగొట్టి మిగతాది అమ్మండి. అంతే. చట్టంలో దానికి చోటుంది. ఆ పది ఎకరాలూ విడగొడితే మిగతా పొలానికి పోయేదేమీ లేదు. అంతకూడా అక్కర్లేదు, 'వాయిదా ఇప్పించండి, ఎవరినైనా అడిగి వస్తాను' అన్నా చాలు. థియా నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను పళ్ల వెనకే ఆపుకుంది. వెనక బెంచీలో కూర్చున్నా ఆమె జడ్జిగారి క్లర్కే.

"ఇంకేమైనా కావాలా మీకు? ఏదైనా సరే?"

"లేదండీ. థాంక్యూ అండీ."

గదిలో డార్లీన్ మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటి దాకా ఉత్తర్వు ఇవ్వను," అన్నారు జడ్జిగారు, ప్రతి మాటా విడదీసి. "ఈలోగా ఎవరైనా ఏదైనా రాసి ఇవ్వదలిస్తే ఇవ్వచ్చు."

స్టాండ్లీ తలూపాడు. అభ్యంతరం చెప్పలేదు.

బుధవారం ఫైళ్ల గదిలో కూర్చుని థియా స్టాండ్లీకి జవాబు రాసింది. మీ ఆహ్వానాన్ని సంతోషంగా అంగీకరిస్తున్నాను. నాలుగు వాక్యాలు. సంతకం చేసి, కవరులో పెట్టి, జడ్జిగారి గదిలోకి వెళ్లింది. ఆయన పసుపు కాగితాల మీద తనే చేత్తో ఉత్తర్వు రాసుకుంటున్నారు. ఆమె రాగానే దాన్ని బోర్లా తిప్పారు. మూడింటి కాఫీ వేళ. డార్లీన్ తెచ్చిన పుల్లటి రూబార్బ్ కాడల కేకు ముక్కలు పళ్లెంలో ఉన్నాయి.

"ఉందామనుకుంటున్నానండీ," అంది థియా.

"ఎందుకు?"

"ఈ ఊరు బాగుంటుంది."

"జనవరిలో కూడానా?"

"జనవరిలో కూడా. ఈ గది... పొద్దున్నే మీరు పెన్సిళ్లు చెక్కుకోవడం, డార్లీన్ మీమీద విసుక్కోవడం, బీటు దుంపల లారీలు పోతుంటే అద్దాలు అదరడం. ఇలాంటి చోటు నాకు మళ్లీ దొరకదు."

ఆయన కేకు ముక్కను రెండుగా తుంచి, పెద్దది ఆమెవైపు నెట్టారు.

"దొరకదు," అన్నారు. "నాకూ దొరకదు. నెలాఖరు తర్వాత ఈ గదిలో ఇంకెవడో తన సామాను పెట్టుకుంటాడు. డార్లీన్ ఎడారిలో ఎండ కాగుతూ ఉంటుంది. నేను మా ఆవిడ చెప్పినచోట టమాటాలు నాటుతూ ఉంటాను. నువ్వు ఉండాలనుకునేది టోర్‌వాల్డ్‌లో కాదు తల్లీ, గడిచిన రెండేళ్లలో. వాటిలో ఎవరూ ఉండలేరు. ఉండగలిగితే నేను నిన్ను ముందే అక్కణ్ణించి గెంటేసేవాణ్ణి, నాకే చోటు చాలదు."

థియా నవ్వబోయింది. కళ్లు తడి అయ్యాయి.

"స్టాండ్లీ మంచివాడు. అతని దగ్గర ఉండడానికి వేరే కారణముంటే ఉండు. దీనికోసమైతే వద్దు. ఆ కుర్రాడెవరు, ఎమెట్, అతను కనీసం ఉన్నచోట ఉన్నాడు."

ఆమె కవరును చేతిసంచిలోనే ఉంచుకుని వచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం కింద కౌంటరులో ఉండే ఆవిడ భోజనానికి వెళ్తూ పావుగంట చూడమని థియాను కూర్చోబెట్టింది. ఐదు నిమిషాలు కాకుండానే ఆర్డిస్ కోల్‌స్టాడ్ వచ్చింది. బూట్లకు మట్టి లేదు, గుమ్మం బయటే తుడుచుకుని వచ్చింది. దగ్గరికి వస్తే గొర్రెల బొచ్చు వాసన, సబ్బు వాసన కలిసి తగిలాయి.

"ఏదైనా రాసి ఇవ్వచ్చన్నారు జడ్జిగారు. ఏం రాయాలో అడుగుదామని వచ్చాను."

"నేను సలహా చెప్పకూడదండీ. కోర్టులో పనిచేసే వాళ్లెవరూ చెప్పకూడదు. పైగా ఈ దావాలో నేనసలు..."

"నువ్వు జడ్జిగారి పక్కన కూర్చునే అమ్మాయివి కదూ? చదువుకున్నదానివి. నీకు తెలిసే ఉంటుంది."

"తెలుసండీ," అంది థియా. ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. "చెప్పకూడదు."

ఆర్డిస్ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. "అయ్యో. తెలిసీ నోరు కట్టుకోవడం కష్టమే తల్లీ."

థియా తలవంచుకుని సొరుగులోంచి ప్లీడర్ల జాబితా తీసింది. అడిగినవాళ్లకు అది ఇవ్వచ్చు. కౌంటీ మొత్తానికి ఐదు పేర్లు. మొదటాయన ఈ వసంతంలోనే పోయాడు. రెండో ఆయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. చివరి ఇద్దరూ ఎనభై మైళ్ల అవతల ఉంటారు.

ఆర్డిస్ వేలు మూడో పేరు మీద ఆగింది. "వర్న్ స్టాండ్లీని అడిగితే? మా నాన్న వీలునామా రాసింది ఆయనే. మంచి మనిషి."

"ఆయన మీ తమ్ముడి తరఫునండీ."

"అవును కదూ," అంది, తనే ఏదో తప్పు చేసినట్టు. "ఆ ఎనభై మైళ్లవాళ్లు రేపు పన్నెండింటిలోగా పలుకుతారా?"

థియా జాబితాను ఆమెవైపు జరిపింది. ఆర్డిస్ ఓ తెల్ల కాగితం అడిగి పుచ్చుకుని, కిటికీ కింద బెంచీ మీద కూర్చుంది. మోకాలి మీద చేతిసంచి, దాని మీద కాగితం. కౌంటరావిడ భోజనం ముగించుకుని వచ్చింది, థియా పైకి వెళ్లిపోయింది. గంట తర్వాత మెట్ల మీంచి చూస్తే ఆర్డిస్ ఇంకా అక్కడే ఉంది. పెన్ను పెదవికి ఆనించుకుని, బయట ఆగి ఉన్న తన ట్రక్కు వంక చూస్తోంది.

శుక్రవారం పదకొండున్నరకు ఆమె కాగితం వచ్చింది. పన్నెండున్నరకు ఉత్తర్వు సంతకమై కింద కౌంటరుకు చేరింది. అలా చేరిన కాగితాన్ని ఊళ్లో ఎవరైనా చూడచ్చు. థియా ఊళ్లో మనిషిలాగే అడిగి తీసుకుని, నిలబడే చదివింది. వెనక ఆర్డిస్ కాగితం జతచేసి ఉంది. గుండ్రటి బడి దస్తూరీ.

"జడ్జిగారికి. అమ్మకానికి నాకు అభ్యంతరం లేదు. నవంబరులో గొర్రెలు పొట్టేళ్లతో కలిసే కాలం. అప్పుడు తావు మారిస్తే చూలు నిలవదు. డిసెంబరు మొదటివారం దాకా ఉండనిస్తే మేలు. శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి. ఆర్డిస్ కోల్‌స్టాడ్."

ఉత్తర్వులో పొలం మొత్తం అమ్మమని ఉంది. ఆఖరి పేరా: డిసెంబరు ముప్పై ఒకటి దాకా ప్రతివాది, ఆమె గొర్రెలు యథాస్థానంలో ఉండవచ్చును.

పైకి వెళ్లేసరికి జడ్జిగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. అంగీ ఇంకా విప్పలేదు.

"సంతకమైపోయింది కాబట్టి అంటున్నాను," అన్నారు వెనక్కి తిరగకుండా. "అడిగిందానికంటే మూడు వారాలు ఎక్కువిచ్చాను. అడగనిది ఇచ్చే అధికారం నాకు లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ కుర్చీలో కూర్చుని, మనుషులు అడగాల్సింది అడుగుతారేమోనని ఎదురుచూశాను థియా. సగం మంది అడగరు. మర్యాదస్తులు."

నాలుగున్నరకు ఆమె స్టాండ్లీ ఆఫీసుకు వెళ్లింది. గోడ అవతల బేకరీ వాళ్లు సాయంత్రపు పళ్లాలు కడుగుతున్న చప్పుడు. స్టాండ్లీ లేచి, ఖాళీగా ఉన్న రెండో గది తలుపు తెరిచి చూపించాడు. మోయెన్ కుర్చీకి నిజంగానే కొత్త తోలు వేయించాడు.

"కూర్చో. సరిపోతుందో లేదో చూడు."

థియా కూర్చోలేదు. "ఒకటి అడగచ్చా? నేను పోయినేడే మీ దగ్గర చేరి ఉంటే, ఆర్డిస్ కోల్‌స్టాడ్ నా దగ్గరికి వచ్చి ఉంటే, ఏం చేసేవాళ్లం?"

"వెనక్కి పంపేవాళ్లం. వేన్ ముందొచ్చాడుగా. ఒక కప్పు కింద ఇద్దరి తరఫునా ఉండలేం."

"ఎక్కడికి పంపేవాళ్లం?"

స్టాండ్లీ కళ్లజోడు నుదుటి మీంచి తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అవతల ఓ పళ్లెం కిందపడి గిరగిరా తిరిగి ఆగింది.

"నేను చేరలేనండీ," అంది థియా. నిన్నటి నుంచి ఎన్నోసార్లు అనుకున్న మాట కాదది. ఆ క్షణంలోనే తెలిసింది.

"పోర్ట్‌లాండ్ వెళ్తావన్నమాట." అతని మొహం వాడిపోయింది. "పోనీలే. వయసులో ఉన్నారు. నది ఉంది అక్కడ."

"కాదండీ. ఇక్కడే ఉంటాను. వేరేగా, నా అంతట నేను. మీ దగ్గరికి ఒకళ్లు వస్తే రెండో వాళ్లు వచ్చేందుకు ఊళ్లో ఇంకో తలుపు ఉండాలి కదా."

"నీకు మతిపోయింది."

"అయ్యుండచ్చు."

"ముప్పై ఎనిమిదేళ్లు కట్టుకున్న ఇల్లు చేతిలో పెడతానంటే వద్దని, ఎదురింట్లో పొయ్యి పెట్టుకుంటానంటావు! మొదటి ఏడాది కాఫీకి కూడా గడవదు. దుంపల తవ్వకం మొదలైతే రెండు నెలలు ఊళ్లో ఒక్కడూ కోర్టు మొహం చూడడు." గొంతు పెరిగింది. మధ్యలోనే తగ్గిపోయింది. మోయెన్ కుర్చీలో తనే కూలబడ్డాడు. కొత్త తోలు కిర్రుమంది.

"కోర్టులో నా ఎదుటి కుర్చీలో హోల్మ్ అని ఓ ప్లీడరుండేవాడు," అన్నాడు కాసేపటికి. "నువ్వు పుట్టకముందు సంగతి. పొడుగ్గా ఉండేవాడు, కుడిచేతి మీద సిరా మరక ఎప్పుడూ. వాడు ఎదుట ఉన్నాడంటే ముందురోజు నాకు అన్నం సహించేది కాదు. దావా అయ్యాక ఇద్దరం ఇదే బేకరీలో డోనట్లు తినేవాళ్లం, ఓడినవాడు కొనాలి. వాడు పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అప్పుడప్పుడూ ఎవరో వచ్చి, చేతిసంచి కింద పెట్టుకుని కూర్చుంటారు. నేను గెలుస్తాను. ఇంటికెళ్లి మా ఆవిడతో గెలిచానని చెప్పడం మానేసి చాలా కాలమైంది."

థియా సంచిలోంచి కవరు తీసి, చించి, అతని చెత్తబుట్టలో వేసింది. అదేమిటని అతను అడగలేదు.

"గొడ్డలి పెట్టినట్టు వాదిస్తాను నీమీద," అన్నాడు స్టాండ్లీ. "ఆడపిల్లవని చూడను, క్విగ్లీ క్లర్కువని చూడను."

"చూడొద్దండీ."

బయటికి వస్తే ఇంకా ఎండ ఉంది. మెయిన్ స్ట్రీట్ మీద మనుషులు వారాంతపు సరుకులు ట్రక్కుల్లో వేసుకుంటున్నారు. థియా కోర్టు మెట్ల మీద కూర్చుని పోర్ట్‌లాండ్‌కు ఫోను చేసింది. జరిగిందంతా వరసగా చెప్పింది, ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. ఎమెట్ మధ్యలో అడ్డు రాలేదు.

"నేను అక్కడికి రాలేను థియా," అన్నాడు చివరికి. "నా పనంతా ఈ నది మీదే."

"తెలుసు. రమ్మని అడగను."

"జడ్జిగారు వెళ్లిపోతున్నారు. డార్లీన్ వెళ్లిపోతోంది. ఆ స్టాండ్లీ కూడా ఇక అవతలి పక్షమేనంటున్నావు. అక్కడ నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు," అంది.

ఫోనులో గోడ అవతలి ట్రంపెట్ వినిపించింది, ఒకే చోట తప్పు పోయి, మళ్లీ మొదటికి వచ్చి, మళ్లీ అక్కడే తప్పు పోతూ. నిరుడు శీతాకాలం వంతెన మీద అతని కోటు జేబులో తన చెయ్యి పెట్టుకుని నడిచిన సాయంత్రం గుర్తొచ్చింది. అతనికీ అలాంటిదేదో గుర్తొచ్చి ఉంటుంది. ఊపిరి పీల్చుకున్న చప్పుడైంది.

"నీ పుస్తకాలు మూడు పెట్టెలు ఇక్కడున్నాయి. ముందే పంపావుగా. వాటిని పంపించేయనా?"

"పంపించు."

"అడ్రసు చెప్పు."

థియా వీధి వంక చూసింది. నెలాఖరుకు ఇప్పుడున్న అద్దె గది కూడా ఖాళీ చేయాలి. రేపు ఎక్కడ తలుపు అద్దెకు దొరుకుతుందో తెలియదు.

"నా పేరు రాసి టోర్‌వాల్డ్ అని రాయి ఎమెట్," అంది. "పోస్టాఫీసు వాళ్లు నన్నెరుగుదురు."